ఎత్తు తగ్గించిన కారు – తగిన టైరు

ఒక శివరాత్రినాడు మా మేనల్లుడు నరసరావుపేట నుండి సకుటుంబముగా కోటప్పకొండకు బయలుదేరెను. కారు అతనిదే కాని క్రొత్తది కాదు. పట్టణములో ఒక యువకుడు కొన్నాళ్ళు నడిపి అమ్మగా కొన్నది. ఆ మొదటి యజమాని ముచ్చటపడి స్ప్రింగులు మార్పించి, కారును నాలుగు సెంటీమీటర్లు క్రిందికి దింపించెను. బయటికి పొడుచుకొని వచ్చు వెడల్పైన రిమ్ములను, వాటిపై పొట్టి టైర్లను వేయించెను. చూచుటకు కారు నేలను కరచుకొని కూర్చున్నట్లుండును. మా వాడు ఒంటరిగా తిరిగినన్నాళ్ళు ఏ చిక్కును రాలేదు. ఆనాడు వెనుక సీటులో తల్లియు, ఇద్దరు పిల్లలును, ముందు ప్రక్క సీటులో భార్యయు కూర్చుండిరి. కొండమీదికి ఎక్కు ఘాటురోడ్డు మలుపులో వెనుకనుండి గీరుకొను చప్పుడు వినబడెను. ఆ వెంటనే రబ్బరు కమరు వాసన వచ్చెను. దిగి చూడగా వెనుక టైరు భుజము మడ్‌గార్డు అంచునకు రాచుకొని, లోపలి దారపు పొర కనబడునంతగా చెక్కుకొని పోయియుండెను. అదే టైరు తిరుగు ప్రయాణమున దిగుడులో ప్రేలియుండినచో ఏమగునో ఊహించుటకే భయమగుచున్నది.

మరునాడు అతడు నాయొద్దకు వచ్చి, "మామయ్యా, టైర్లు పోయినాయండీ. ఏ సైజు వేయించమంటారు?" అని అడిగెను. "సైజు తర్వాత చూద్దాంలేరా, ముందు బండి ఎత్తు సంగతి చెప్పు" అంటిని. ఆ సంభాషణయే నేటి ప్రసంగమునకు మూలము. ఎత్తు తగ్గించిన కారుకు టైరును ఎట్లు ఎన్నుకొనవలెను అను ప్రశ్న నేడు అనేకుల గృహములలో వినబడుచున్నది. ముచ్చటపడి దింపించుకొనువారు కొందరు. ఇతరులు దింపించిన కారును తెలియక కొనువారు మరికొందరు. ఇరువురికిని తెలియవలసిన సంగతులు ఒక్కటియే.

ఈ ప్రశ్న పల్నాటికి క్రొత్తది కాదు. మన పెద్దలు ఎడ్లబండికి చక్రము చేయించునప్పుడు వడ్రంగితో మొదట తేల్చుకొన్నది చక్రము ఎత్తునుగూర్చియే. చక్రము ఎత్తైనదైనచో గుంతను సులువుగా దాటును, ఇరుసు రేగడి బురదకు తగులదు. పొట్టిదైనచో అదే గుంతలో ఎద్దు మెడలు విరుచుకొనవలసి వచ్చును. పట్టా వెడల్పైనచో మెత్తని నేలలో దిగబడదు, కాని బరువు పెరుగును. తరువాతి కాలమున రబ్బరు టైర్ల బండ్లు వచ్చినవి. వాటి చక్రము పాత చక్రము కంటె పొట్టి. ఆ లోటును గాలి టైరు వెడల్పును, మెత్తదనమును పూడ్చినవి. అప్పుడును రైతు రెండు ప్రశ్నలు వేసికొనెను. ఈ టైరు ఎన్ని బస్తాల బరువు మోయును? ఈ ఎత్తుతో నా పొలము గట్టు దాటునా? కారుకు టైరు కొనువాడు వేసికొనవలసిన ప్రశ్నలును అవియే.

గాలి నింపిన చక్రమునకు రాబర్ట్ విలియం థామ్సన్ అను స్కాట్లండు వాసి 1845లో హక్కుపత్రము పొందెను. అది నాడు ప్రచారములోనికి రాలేదు. 1888లో బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్ తన కుమారుని మూడుచక్రముల బండి కుదుపు తగ్గించుటకై మరల గాలి టైరును కట్టెను. లోకమంతట వ్యాపించినది అదియే. 1946లో ఫ్రాన్సు దేశపు మిషెలిన్ సంస్థ రేడియల్ టైరునకు హక్కుపత్రము పొందెను. లోపలి దారములు ఒక అంచునుండి రెండవ అంచునకు అడ్డముగా పోవు ఈ కట్టుబడి నేటి కార్లన్నిటికిని ఆధారము.

ఇక టైరు ప్రక్కభాగమున అచ్చుపోసిన అక్షరములను చదువుట నేర్చుకొందము. మన వీధులలో తిరుగు చిన్నకార్లలో అనేకమునకు ఉండు ఒక పరిమాణమును ఉదాహరణగా గైకొందము: 185/65 ఆర్ 15 88 హెచ్. ఇందులో 185 అనగా టైరు అడ్డపు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా గోడ ఎత్తు ఆ వెడల్పులో నూటికి 65 వంతులు. 185లో నూటికి 65 వంతులనగా ఇంచుమించు 120 మిల్లీమీటర్లు. ఆర్ అనగా రేడియల్. 15 అనగా రిమ్ము అడ్డుకొలత, అంగుళములలో. 88 అనునది భారపు సంఖ్య. దానికి పట్టికలో అర్థము ఒక్కొక్క టైరు 560 కిలోగ్రాములు మోయునని. హెచ్ అనునది గంటకు 210 కిలోమీటర్ల వరకు తట్టుకొను శక్తికి గుర్తు. ఇట్లు ఒకే వరుసలో మూడు కొలతలును, ఒక బరువును, ఒక వేగమును చెప్పబడుచున్నవి. అంగడివాడు "పదిహేను ఇంచీల టైరు" అని ఒక్కమాటతో ముగించినచో మిగిలిన సంగతులన్నియు మరుగున పడినవని గ్రహింపవలెను.

ఇప్పుడు మొదటి సూత్రము. నేలనుండి టైరు పైవరకు గల మొత్తము ఎత్తు మారరాదు. దానిని లెక్కించుట తేలిక. 15 అంగుళములను మిల్లీమీటర్లలోనికి మార్చినచో 381. పైన ఒక గోడ, క్రింద ఒక గోడ కలిపి 240 చిల్లర. మొత్తము సుమారు 621 మిల్లీమీటర్లు. ఇది కారు తయారుచేసినవారు గేర్లను, బ్రేకులను, వేగమును చూపు మీటరును అమర్చుకొన్న కొలత. దీనికి నూటికి మూడు వంతులకు మించి హెచ్చుతగ్గులు లేకుండ చూచుకొనుట ఈ పనివారిలో అలవాటైన కట్టుబాటు. తయారీదారు చెప్పిన కొలతనే ఉంచుట అన్నిటికంటె మేలు.

మా మేనల్లుని కారుకు వేసియున్నవి 195/50 ఆర్ 15 టైర్లు. రిమ్ము అడ్డుకొలత అదియే. వెడల్పు పది మిల్లీమీటర్లు ఎక్కువ. చూచువారికి పెద్ద టైరువలె తోచును. కాని గోడ 97 మిల్లీమీటర్లు మాత్రమే. మొత్తము ఎత్తు 576. అనగా 45 మిల్లీమీటర్లు, నూటికి ఏడు వంతులకు పైగా తగ్గినది. తయారీదారు టైరు కిలోమీటరునకు సుమారు 512 చుట్లు తిరుగగా ఇది 553 చుట్లు తిరుగును. చక్రము ప్రతి కిలోమీటరునకు నలువది చుట్లు అదనముగా తిరుగుచుండును గనుక ఇంజను శ్రమ, ఇంధనపు ఖర్చు రెండును పెరుగును. మీటరులో 80 అని చూపినపుడు కారు నిజముగా 74 చొప్పుననే పోవుచుండును. తిరిగిన దూరమును మీటరు ఎక్కువగా చూపును. పొట్టి చక్రమునకు చుట్లెక్కువ అని బండి తోలినవానికి ఎవరును చెప్పనక్కరలేదు.

అదే కారుకు 16 అంగుళముల రిమ్ము వేయదలచినచో 195/55 టైరు మొత్తము ఎత్తు 621 మిల్లీమీటర్లే యగును. తేడా లేనట్లే. ఒకే నమూనా కారులో తక్కువ ధర రకమునకు 15 అంగుళముల టైరును, ఎక్కువ ధర రకమునకు ఈ 16 అంగుళముల టైరును తయారీదారులే ఇచ్చుటయు కలదు. 17 అంగుళముల రిమ్ముపై 205/45 వేసినచో 616. లెక్క ప్రకారము ఇదియు కట్టుబాటులోనిదే. కాని దాని గోడ 92 మిల్లీమీటర్లు మాత్రమే. ఎత్తు సరిపోయినంత మాత్రమున టైరు సరిపోదనుటకు ఇది నిదర్శనము. ఆ సంగతి మన రోడ్లను గూర్చి చెప్పునప్పుడు మరల ప్రస్తావింతును.

రెండవ సూత్రము బరువునకు సంబంధించినది. 88 అను సంఖ్యకు 560 కిలోలు. నాలుగు టైర్లకు కలిపి 2,240. పొట్టి టైర్లపై సామాన్యముగా ఉండునది 82 అను సంఖ్య. దానికి 475 కిలోలు. నాలుగింటికి 1,900. కారును, ఐదుగురు మనుష్యులను, సామానును కలిపి తూచినను 1,900 కాదుగదా, ఇంకేమి భయమని కొందరందురు. ఈ లెక్కలో మూడు పొరపాట్లున్నవి. బరువు నాలుగు చక్రములపై సమముగా పడదు. వెనుక ముగ్గురు కూర్చుండి, డిక్కీలో బియ్యపు బస్తా పెట్టినచో వెనుక చక్రములపై ఎక్కువ పడును. మలుపులో బయటి చక్రముపై ఇంకను ఎక్కువ. గుంతలో పడినపుడు కలుగు తాకిడి నిలకడ బరువునకు కొన్ని రెట్లుండును. ఇక టైరు ఆ సంఖ్యలో చెప్పినంత బరువు మోయునది నిండు గాలి ఉన్నపుడు మాత్రమే. గాలి తగ్గినకొలది ఆ శక్తియు తగ్గును. తయారీదారు పెద్ద సంఖ్యను నిర్ణయించుట ఈ అవసరములకు విడిచిన వెసులుబాటు. తలుపు ప్రక్క కంబమున అతికించిన కాగితముపై ఏ భారపు సంఖ్య ఉన్నదో దానికి తక్కువగా ఎన్నడును పోరాదు.

మూడవ సూత్రము ఖాళీస్థలమునకు సంబంధించినది. కారు దింపుట వలన కలుగు చిక్కులు ఇక్కడనే మొదలగును. స్ప్రింగు పొట్టిదైనపుడు చక్రము మడ్‌గార్డు గూటిలోనికి చొచ్చుకొని పోవును. దానికి పైకి కదలుటకు ఉండవలసిన చోటు తగ్గును. వెడల్పు పది మిల్లీమీటర్లు పెంచినచో లోపలి వైపు ఐదు, బయటి వైపు ఐదు చొప్పున టైరు జరుగును. అంతకంటె ముఖ్యమైనది రిమ్ము కట్టుబడి. బోల్టులు బిగించు పళ్ళెము రిమ్ము నడిమి గీతకు ఎంత దూరమున ఉన్నదో దానినిబట్టి చక్రము లోనికి గాని బయటికి గాని జరుగును. ఆ కొలత పదునైదు మిల్లీమీటర్లు తగ్గిన రిమ్ము వేసినచో చక్రము అంతమేర బయటికి వచ్చును. టైరు వెడల్పుతో కలిసి మొత్తము ఇరువది మిల్లీమీటర్లు. కోటప్పకొండ మలుపులో మడ్‌గార్డు అంచు టైరును చెక్కివేసినది ఈ ఇరువది మిల్లీమీటర్ల వలననే. టైరు పొట్టిదైనను రాపిడి తప్పకపోవుటకు కారణము ఇదియే.

దింపిన కారులో చక్రములు నిలువుగా నిలువక, పైభాగము లోనికి వాలుటయు కలదు. అపుడు టైరు లోపలి అంచు మాత్రమే అరుగును. బయటినుండి చూచినవానికి టైరు క్రొత్తదివలె కనబడును. లోపల చేయిపెట్టి తడవి చూచినగాని అరుగుదల తెలియదు. కావున స్ప్రింగులు మార్చిన ప్రతిసారియు చక్రముల వరుసను యంత్రముపై సరిచేయించవలెను. టైరు గాడులలో అడుగున చిన్న దిమ్మెలు ఉండును. గాడి 1.6 మిల్లీమీటర్లకు అరిగినపుడు అవి పైపొరతో సమమగును. ఆ దిమ్మెలను లోపలి అంచునను, నడుమను, బయటి అంచునను విడివిడిగా చూడవలెను.

టైరు సరిపోవునో లేదో ఇంటివద్దనే పరీక్షింపవచ్చును. చదునైన నేలపై కారు నిలిపి, కుటుంబమంతటిని కూర్చుండబెట్టి, డిక్కీలో ప్రయాణపు సామానునంతయు పెట్టవలెను. మడ్‌గార్డు లోపలి అంచునకును, టైరు భుజమునకును సుద్దముక్క రుద్దవలెను. స్టీరింగును ఒకసారి పూర్తిగా కుడికి, ఒకసారి పూర్తిగా ఎడమకు త్రిప్పి, నెమ్మదిగా నడిపి, ఒక చక్రమును మెట్టుపైకి ఎక్కించి దింపవలెను. తరువాత దిగి చూచినచో సుద్ద ఎక్కడ చెరిగినదో అక్కడ రాపిడి ఉన్నదని అర్థము. ఒంటరిగా కూర్చుండి చేసిన పరీక్ష పరీక్ష కాదు. మా మేనల్లుడు మోసపోయినది అక్కడనే.

నాలుగవది కారు పొట్టకు, నేలకు నడుమనుండు ఎడము. ఒక చిన్నకారు పొట్ట నేలనుండి 165 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నదనుకొందము. స్ప్రింగులు మార్చి 40 మిల్లీమీటర్లు దింపినచో 125 మిగులును. పొట్టి టైరు వలన, మొత్తము ఎత్తులో తగ్గిన 45లో సగము, అనగా మరి 23 పోవును. మిగిలినది 102. ఐదుగురు ఎక్కినపుడు 30 మిల్లీమీటర్లు క్రుంగినదన్నచో 72 మాత్రమే. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణము ప్రకారము కట్టిన స్పీడు బ్రేకరు నడుమ పది సెంటీమీటర్ల ఎత్తును, 3.7 మీటర్ల వెడల్పును ఉండును. అది మెల్లగా లేచి మెల్లగా దిగును గనుక ముందు వెనుక చక్రములు రెండును దానిపైనే ఉండి దాటును. కాని మన ఊళ్ళలో పిల్లల రక్షణకై ఇంటి ముందర కట్టుకొనునవి అట్టివి కావు. జానెడు, మూరెడు వెడల్పున నిటారుగా లేచియుండును. అట్టి దిమ్మె ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ నిలిచినపుడు దాని పూర్తి ఎత్తు కారు పొట్టకు తగులును. 72 మిల్లీమీటర్ల ఎడమున్న కారు పది సెంటీమీటర్ల దిమ్మెను ఎట్లు దాటగలదు? తగులునది ఇంజను నూనె పాత్రయైనచో కారు అక్కడనే నిలిచిపోవును.

ఈ సందర్భమున దూరదేశపు సంగతి ఒకటి చెప్పదగియున్నది. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున మెక్సికన్ సంతతి యువకులు రెండవ ప్రపంచయుద్ధమునకు తరువాతి కాలమున కార్లను దింపి, మెల్లగా ఊరేగుటను ఒక వేడుకగా చేసికొనిరి. కొందరు స్ప్రింగులు కోసిరి, కొందరు డిక్కీలో ఇసుక బస్తాలు వేసిరి. 1950ల చివర ఆ రాష్ట్ర ప్రభుత్వము ఒక నిబంధన చేసినది. కారులోని ఏ భాగమును రిమ్ము అడుగు అంచుకంటె క్రిందికి ఉండరాదని దాని సారము. దానికి విరుగుడుగా 1959లో రాన్ అగ్వైర్ అను యువకుడు కారును మీటతో పైకి లేపి దింపు ద్రవయంత్రములను అమర్చుకొనెను. ఈ నిబంధన తమ సంస్కృతిపై కత్తికట్టినదని ఆ ప్రజలు చిరకాలము వాదించిరి. తుదకు 2024 జనవరినుండి అది ఆ రాష్ట్రమున తొలగింపబడినది. ఆ వాదము న్యాయమైనదే కావచ్చును. కాని రిమ్ము అంచు అను కొలత మనకు ఒక మంచి హెచ్చరికగా పనికివచ్చును. టైరులో గాలి ఒక్కసారిగా పోయినచో కారు ఆ రిమ్ముపైననే నిలువవలెను. రిమ్ముకంటె క్రిందికి వ్రేలాడు భాగమేదైన ఉన్నచో అది రోడ్డును గీరుకొనును, స్టీరింగు పట్టు తప్పును. పంక్చరైన కారు పొట్ట నేలకు ఆనరాదు. ఇది ఎంత దింపినను మీరకూడని హద్దు.

ఇక మన సీమ రోడ్ల సంగతి. పల్నాడు 2022 ఏప్రిల్‌లో జిల్లా అయినది. అద్దంకినుండి నార్కెట్‌పల్లికి పోవు వెడల్పైన రోడ్డు నరసరావుపేట, పిడుగురాళ్ళ, దాచేపల్లి మీదుగా పోవుచున్నది. ఆ రోడ్డుపై ఏ టైరైనను హాయిగానే నడచును. కాని ఆ రోడ్డు దిగి పల్లెలోనికి తిరిగిన క్షణముననే అసలు పరీక్ష ఆరంభమగును. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకును, సిమెంటు కర్మాగారములకును రాళ్ళు తోలు లారీలనుండి జారిన ముక్కలు రోడ్డు ప్రక్కల పడియుండును. నాపరాతి పెళ్ళ అంచు కత్తివలె నుండును. రేగడి నేలలు వానకు ఉబ్బి, ఎండకు పగులుటచేత వాటిపై వేసిన తారురోడ్డు అలలవలె ఎగుడుదిగుడగును. ఇట్టిచోట టైరు గోడయే మొదటి స్ప్రింగు. 120 మిల్లీమీటర్ల గోడ గుంత అంచును తానే మ్రింగును. 92 మిల్లీమీటర్ల గోడ ఆ దెబ్బను రిమ్మునకు, రిమ్ము స్ప్రింగునకు అందించును. దింపిన కారులో ఆ స్ప్రింగునకు కదలుటకు చోటు ముందే తగ్గియున్నది. గోడయు పొట్టిది, స్ప్రింగును పొట్టిది యైనచో దెబ్బ రిమ్మును వంచును, లేదా టైరు గోడలోని దారములను త్రెంపి ఉబ్బు లేపును. గోడపై ఉబ్బు లేచిన టైరు మరమ్మతునకు పనికిరాదు, దానిని వెంటనే తీసివేయవలెను. పెద్ద రిమ్మును పలుచని టైరును నున్నని పట్టణపు రోడ్లపై చెల్లవచ్చును గాని కారంపూడి, దుర్గి పల్లెదారులలో చెల్లవు.

రోడ్డు తరువాత ఎండ. రెంటచింతల ఎండలు ఆంధ్రదేశమంతట ప్రసిద్ధములు. మే నెల మధ్యాహ్నమున తారు ఎంత కాలునో చెప్పులు లేక నడచినవారికి తెలియును. ఆ వేడిమికి టైరులోని గాలి వ్యాకోచించును. తెల్లవారి 27 డిగ్రీలలో 33 పౌండ్లు నింపిన టైరు 57 డిగ్రీలకు వేడెక్కినచో గాలి సుమారు ఐదు పౌండ్లు పెరుగును. ఇది సహజము. తయారీదారు దీనిని ఎరిగియే ఆ 33ను నిర్ణయించియున్నాడు. కొందరు భయపడి మధ్యాహ్నము గాలి తీసివేయుదురు. ఇది పొరపాటు. సాయంకాలము చల్లారిన పిదప గాలి తక్కువై, మరునాడు గోడ ఎక్కువగా నలగి, ఆ నలుగుడుచేత ఇంకను వేడెక్కి టైరు ప్రేలుటకు దారితీయును. గాలిని ఉదయమున, కారు నడుపకముందు చూచుకొనవలెను. పొట్టి టైరు వేసినవారికి ఈ జాగ్రత్త మరింత అవసరము. గాలి కొద్దిగా తగ్గినను దాని మోయు శక్తి హద్దుకు వచ్చును. టైరు వయస్సును కూడ చూడవలెను. గోడపై నాలుగంకెల సంఖ్య ఉండును. 2324 అని ఉన్నచో 2024వ సంవత్సరము 23వ వారమున తయారైనదని అర్థము. ఎండలో ఏండ్ల తరబడి నిలిచిన టైరు గాడులు లోతుగనే ఉన్నను రబ్బరు పెళుసై పగుళ్ళు వచ్చును.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు వాహనమును మార్పుచేయరాదు. కేరళనుండి వచ్చిన ఒక వ్యాజ్యమున సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నియమమును గట్టిగా సమర్థించినది. మార్పుచేసిన కారు ప్రమాదమునకు లోనైనచో బీమా సొమ్ము వచ్చునపుడు కూడ వివాదము రావచ్చును. కావున స్ప్రింగులు మార్పించదలచినవారు ముందుగా రవాణా కార్యాలయములో విచారించుకొనుట మంచిది. టైర్ల విషయములో సురక్షితమైన మార్గము ఒకటి కలదు. మీ నమూనా కారునకు తయారీదారు ఏయే పరిమాణములు ఇచ్చియున్నాడో వాటిలోనుండియే ఎన్నుకొనుడు. నాలుగు చక్రములకును ఒకే మొత్తము ఎత్తు ఉండవలెను. నేటి కార్లలోని బ్రేకు యంత్రములు నాలుగు చక్రముల చుట్లను పోల్చి పనిచేయును గనుక ఒకటి పొట్టిదైనచో అవి పొరపడును.

ఇక మా మేనల్లుని కథ. అంగడివాడు అతనికి రెండు మార్గములు చూపెను. ఇంకను పొట్టి టైరు వేసినచో రాపిడి పోవునన్నది మొదటిది. మడ్‌గార్డు అంచును సుత్తితో మడిచినచో చోటు వచ్చునన్నది రెండవది. మొదటిదాని వలన మోయు శక్తియు, పొట్ట ఎడమును ఇంకను తగ్గును. రెండవదాని వలన తుప్పు పట్టును గాని స్ప్రింగు పొట్టితనము తీరదు. నేను చెప్పినది మూడవ మార్గము. "టైరు కారు బరువు మోసేది. కారును టైరుకు తగినట్లు నిలపాలి గాని, కారు కుంగిందని టైరును కుదించకూడదు" అంటిని. అతడు కొంత తటపటాయించెను. స్ప్రింగులు, రిమ్ములు, టైర్లు అన్నియు మార్చుటకు ఖర్చు తక్కువ కాదు. "అంత డబ్బు పెట్టి మళ్ళీ మామూలు కారు చేసుకోవడమా మామయ్యా?" అని నవ్వెను. వాని తల్లి ప్రక్కనే ఉండి, "మామూలు కారులోనే మేం కొండ ఎక్కుతాం, లేకపోతే బస్సులో పోతాం" అనెను. ఆ మాటతో విషయము తేలిపోయెను.

తయారీదారు కొలత గల స్ప్రింగులను, రిమ్ములను, 185/65 ఆర్ 15 టైర్లను వేయించి, చక్రముల వరుస సరిచేయించి, కుటుంబమంతటితో సుద్ద పరీక్ష చేసి చూచితిమి. సుద్ద ఎక్కడను చెరగలేదు. మరుసటి శివరాత్రికి ఆ కారుననే అందరును కొండ ఎక్కిరి. పిల్లలు దారిలో నిలిచిన ప్రభలను చూచుచు వచ్చిరే గాని వెనుక చప్పుడును ఎవరును వినలేదు.

కారు అందముగా నుండవలెనను కోరికను నేను తప్పుపట్టను. మన పూర్వులు బండి పలకలకు ఇత్తడి పూలు కొట్టించి, ఎద్దు కొమ్ములకు కుప్పెలు తొడిగించిరి. కాని ఆ ముచ్చటకై ఇరుసును కుదింపలేదు, చక్రము ఆకులను తగ్గింపలేదు. పల్నాటిలో ఒక కోడిపందెపు పంతము ఎంతవరకు పోయినదో కారంపూడి నేల నేటికిని చెప్పుచున్నది. కారు ఎత్తుమీద పంతము పట్టుటకు అంతకంటె కారణము లేదు. టైరు కొనబోవునపుడు తలుపు కంబముమీది కాగితమును ఒక్కసారి చదువుడు. మొత్తము ఎత్తు, భారపు సంఖ్య, మడ్‌గార్డు ఎడము, పొట్ట ఎడము ఈ నాలుగింటిని వరుసగా సరిచూచుకొనుడు. ఇంటిల్లపాదియు కూర్చున్నపుడు సరిపోయిన టైరే సరియైన టైరు.